పడే పురుగు, ముట్టే పురుగు

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ సంగతి పెళ్ళిచూపుల రోజు మావాళ్ళు చెప్పలేదు. "అమ్మాయి బీఎస్సీ జువాలజీ, బీఈడీ కూడా అయింది, నోట్లో నాలుక లేని పిల్ల" అన్నారు. మొదటి రెండూ నిజమే.

గుంటూరులో పుట్టి పెరిగినదాన్ని, రెండువేలు దాటిన కొత్తల్లో వినుకొండ దగ్గర ఒక పల్లెకి కోడలిగా వచ్చాను. ఇంట్లో అత్తయ్య, మావయ్యగారు, నేను. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో పని చేస్తూ ఆదివారం ఆదివారం వచ్చి పోయేవాడు. అంటే నేను గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చాను, ఆయన ఇక్కడి నుంచి గుంటూరు పోయాడు. ఈ సంబంధం కుదిర్చిన మహానుభావుడెవరో గాని బస్సులవాళ్ళకి బాగా కలిసొచ్చింది.

నేను కాపురానికి వచ్చిన ఏడు పత్తి ధర బాగాలేదు. ధర వచ్చేదాకా అమ్మేది లేదని మావయ్యగారు భీష్మించుక్కూర్చున్నారు. దాంతో ముందు గది నిండా పత్తే. గోడల్లో సగం ఎత్తు దాకా తెల్లగా గుట్ట. కుర్చీలూ టీవీ వసారాలోకి వలసపోయాయి. కూర్చోవడానికి చోటు లేక నేను ఆ గుట్ట మీదే వెనక్కి వాలేదాన్ని. ఏ సోఫా పనికొస్తుంది దాని ముందు! అత్తయ్య చూస్తే మాత్రం ఊరుకునేవారు కాదు.

"పత్తిలో దొర్లమాకమ్మాయ్. తలనూనె అంటుకుంటే కొనేవాడు వంకలు పెడతాడు."

మావయ్యగారు మాట్లాడటం తక్కువ. రేడియోలో మార్కెట్ ధరలు చదివే మనిషితో తప్ప ఇంకెవరితోనూ వాదించగా నేను చూడలేదు. ఇంటి పెత్తనమంతా అత్తయ్యదే. ఆవిడ గొంతు మా ఇంట్లో మొదలై చెరువుగట్టు దాకా వినిపిస్తుంది.

వచ్చిన మొదటి వారంలోనే నా జువాలజీకి గట్టి దెబ్బ తగిలింది. ఓ సాయంత్రం దొడ్లో బట్టలు తీస్తుంటే దడి పక్కన పాము కుబుసం కనపడింది. చక్కగా, తల నుంచి తోక దాకా చిరగకుండా ఉంది. మా కాలేజీ ల్యాబులో కూడా అలాంటిది లేదు. సంబరంగా చేత్తో పట్టుకొచ్చి, "అత్తయ్యా, పాము..." అన్నాను. అంతే. అత్తయ్య చేతిలో చేట కింద పడింది, చేటలో కందిపప్పు ఇల్లంతా పడింది.

"దీపం పెట్టాక ఆ పేరెత్తుతారా ఎవరన్నా? పిలిచినట్టే. వస్తది!"

"దానికి చెవులే ఉండవండీ. మనం పిలిచినా వినపడదు."

"నీకు చెప్పి వస్తదా? పురుగనాల. పొద్దుగూకితే పురుగే."

పురుగంటే ఆరు కాళ్ళుండాలి, అసలు కాళ్ళే లేని దాన్ని పట్టుకుని పురుగంటే ఎట్లా అని నేను. కాళ్ళు లెక్కబెట్టే దాకా ఎవరుంటారు, ఈలోపు కరిచి చస్తది అని ఆవిడ. కుబుసం పెంటదిబ్బలోకి పోయింది. కందిపప్పు నేను ఏరాను.

అయితే ఆ రోజుల్లో మా వైపు ఈ పురుగుతో పెద్ద చిక్కుండేది. పత్తికి పచ్చపురుగు పట్టి పీడిస్తున్న కాలం. ఊళ్ళో మనిషి కనిపిస్తే బాగున్నావా అని కాదు, "ఏరా, పురుగెట్టా ఉంది?" అని పలకరింపు. మరి ఏది పత్తి పురుగు, ఏది ఆ పురుగు? దానికో వ్యాకరణం ఉంది. నాకు అత్తయ్యే నేర్పారు. 'పురుగు పడింది' అంటే చేలో, మందు కొట్టాలి. 'పురుగు కనపడింది' అంటే ఇంట్లో, పరిగెత్తాలి. 'పురుగు ముట్టింది' అంటే ఎవరినో కరిచింది, బండి కట్టి ఆసుపత్రికి తీసుకుపోవాలి. క్రియను బట్టి ప్రాణం నిలబడుతుందన్నమాట. బీఈడీలో తెలుగు పద్ధతులు చెప్పిన మేడం కూడా క్రియ గురించి ఇంత గట్టిగా చెప్పలేదు.

ఇదంతా మొండితనమని నేను సణుక్కుంటుంటే ఒకరోజు మావయ్యగారు బీడీ ఆర్పి, చాలా తక్కువ మాటల్లో అసలు సంగతి చెప్పారు. అత్తయ్య చిన్నప్పుడు ఓ సాయంత్రం వాళ్ళ పుట్టింటి అరుగు మీద పెద్దవాళ్ళు పాముల కథలు చెప్పుకుంటున్నారట. వింటున్న తమ్ముడు మంచినీళ్ళకని లోపలికి వెళ్ళాడు. కడవ దగ్గర కరిచింది. తెల్లారేసరికి పోయాడు. అరుగు మీద ఆ పేరెత్తబట్టే అది ఇంట్లోకి వచ్చిందని వాళ్ళమ్మ ఏడ్చిందట. "అప్పటినుంచీ పొద్దుగూకాక ఆ మాట మీ అత్త నోట వినలేదమ్మా నేను" అన్నారు. ఆ తర్వాత నేను సణగడం మానేశాను. కోపం మాత్రం మానలేదు. అది నా చేతిలో లేదు.

డిసెంబరులో నా జాతకం కొంచెం కదిలింది. వినుకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సైన్సు టీచరు కాన్పుకి వెళ్ళారని, మనిషి కావాలని తెలిసింది. ఎగిరి గంతేశాను. ఇంట్లో కూర్చుని పత్తి గుట్టతో కబుర్లు చెప్పుకోవడం నా వల్ల కాదు. ఆ ఉద్యోగం రాకపోతే చదివినదంతా గంగలో కలిసినట్టేనని నిద్ర కూడా పట్టేది కాదు. సోమవారం డెమో క్లాసు చెప్పాలి. ఏ పాఠమో వాళ్ళే నిర్ణయించి కబురు చేశారు. సరీసృపాలు, వాటి రకాలు.

పాఠం పేరు విని అత్తయ్య అడిగారు. "అంటే ఏంటమ్మాయ్?"

"పాకుతూ పోయేవండీ. తాబేళ్ళు, మొసళ్ళు, బల్లులు..." ఆగాను. పగలే, కానీ ఎందుకో ఆగాను. ఆవిడకి అర్థమైపోయింది. చాలాసేపు ఆలోచించి తీర్పు చెప్పారు.

"ఎళ్ళు. చదువుకున్నదానివి, కాదనను. కానీ పాఠం పేరు చెప్పి దీపం పెట్టాక ఈ ఇంట్లో ఆ పేరు వినపడిందా, ఉద్యోగం మాట మర్చిపో. ఇదిగో, మీ మావయ్యే సాచ్చికం."

మావయ్యగారు తలూపారు.

పగలంతా పత్తి తీయించే పని, కూలీలకు నీళ్ళు, అన్నాలు. నాకు పాఠం చూసుకునే తీరిక దీపం పెట్టాకే. రోజూ సాయంత్రం పత్తి గుట్టకి ఎదురుగా నిలబడి, దాన్నే క్లాసనుకుని పాఠం చెప్పేదాన్ని. గడప దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అత్తయ్య కాపలా. కాపలాకని కూర్చున్న మనిషి రెండో రోజుకే విద్యార్థి అయిపోయారు. అలాంటి విద్యార్థి పగవాళ్ళకి కూడా వద్దు.

"సరీసృపాలకు పొలుసుల చర్మం ఉంటుంది. ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయి. చాలా వరకు నేల మీద గుడ్లు పెడతాయి. మొదటి రకం తాబేళ్ళు."

"తాబేలు ఇంట్లోకి రాకూడదమ్మాయ్, అరిష్టం."

"పాఠంలోకి వచ్చిందండీ, ఇంట్లోకి కాదు. రెండో రకం మొసళ్ళు."

"పుష్కరాలకి కృష్ణకి పోతే మీ మావయ్య దుంగని చూసి మొసలనుకుని గట్టెక్కాడు. మూడు మునకలని మొక్కుకున్న మనిషి, ఒక్కటి కూడా మునగలా."

రేడియో గొంతు కొంచెం పెరిగింది. మావయ్యగారి జవాబు అదే.

"మూడో రకంలో బల్లులు. బల్లి, తొండ, ఉడుము, నలికిరి అన్నీ ఒకే కుటుంబం. రంగులు మార్చే ఊసరవెల్లి కూడా ఇందులోదే."

"మా ఆడబిడ్డ ఇందులోదా!" అని అత్తయ్య ఎంత నవ్వారంటే చిక్కుడుకాయలన్నీ ఒళ్ళోంచి జారిపోయాయి. నాకూ నవ్వాగలేదు. సరిగ్గా అప్పుడు గోడ మీద బల్లి కిచకిచమంది. ఆవిడ గబగబా నేల మీద వేలితో తట్టి, "సత్యం! చూశావా, బల్లి కూడా అవునంది" అన్నారు. సాక్ష్యం ఇంట్లోనే దొరికింది.

నాలుగో రకం న్యూజిలాండు దీవుల్లో తప్ప ఎక్కడా లేదని, టువటారా అంటారని చెబితే, "మన ఊరు రాదుగా, వదిలెయ్" అన్నారు. వదిలేశాను.

ఇక మిగిలింది బల్లుల చుట్టం. అక్కడే నా అవస్థ. "బల్లుల రకంలోనే కాళ్ళు లేనివి పురుగులు. పురుగులకు కనురెప్పలు ఉండవు. పురుగులు నాలుకతో వాసన పసిగడతాయి. పురుగుల్లో విషం ఉన్నవి, లేనివి అని రెండు తెగలు." మొదట్లో నాకే సిగ్గేసింది. రెండు రోజులకి అలవాటైపోయింది. నాగుపాము నాగుపురుగైంది, కట్లపాము కట్లపురుగైంది, రెండు తలల పాము రెండు తలల పురుగైంది. రక్తపింజరకీ జెర్రిపోతుకీ పేరు చివర పాము అనే తోక లేదు కాబట్టి వాటి జోలికి పోలేదు. నాలుక అదుపులో ఉంచుకోవడం నా జన్మలో అదే మొదటిసారి. ఎంత గొప్పగా అనిపించిందో.

"వీటన్నిటికీ ఒంటి వేడి సొంతంగా ఉండదు, బయట నుంచి తెచ్చుకోవాలి. అందుకే పొద్దున ఎండ కాచుకుంటాయి. చలికాలం వెచ్చటి చోటు వెతుక్కుంటాయి."

"వెచ్చటి చోటంటే?" అన్నారు అత్తయ్య.

"ఎక్కడైనా అండీ. గడ్డివాము, పాత బట్టలు, పత్తి..." అని, ఎటో చూస్తూ తర్వాతి వాక్యానికి వెళ్ళిపోయాను. అత్తయ్య మాత్రం ఈనెలు తీయడం ఆపి పత్తి గుట్ట వంక చూశారు. నేను పట్టించుకోలేదు.

సోమవారం వచ్చింది. ఇస్త్రీ చీర, చాక్‌పీసు. ఏడో తరగతి. వెనక బెంచీలో స్కూలు కరస్పాండెంటుగారు కూర్చున్నారు. తెల్లచొక్కా, జేబులో పెన్ను, గోళ్ళ సందుల్లో మిరపకాయ రంగు. ఆయనకీ పొలం ఉంది మరి. పాఠం నల్లేరు మీద బండిలా సాగింది. తాబేళ్ళు అయ్యాయి, మొసళ్ళు అయ్యాయి, బల్లులకి పిల్లలు కేరింతలు కొట్టారు. నేను మంచి ఊపు మీదున్నాను.

"బల్లుల రకంలోనే కాళ్ళు లేనివి పురుగులు!" అన్నాను. అనడమే కాదు, బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, కింద గీత కూడా గీశాను. "పురుగులకు కనురెప్పలు ఉండవు. నాగుపురుగు చాలా విషపురుగు."

క్లాసు నిశ్శబ్దం. నేను మెచ్చుకోలు నిశ్శబ్దం అనుకున్నాను. రెండో వరసలో రెండు జడలమ్మాయి చేయెత్తింది.

"మేడం, ఏ పురుగు మేడం? పడేదా, ముట్టేదా?"

అప్పుడు తిరిగి బోర్డు చూసుకున్నాను. నా చేతి రాత నా వంకే చూస్తోంది. పిల్లలకి నవ్వు రాలేదు, నిజంగానే అడుగుతున్నారు. అందరూ పల్లెల నుంచి ఆటోల్లో వచ్చేవాళ్ళే, ఏ పురుగో తెలియకపోతే కుదరదు కదా. నవ్వింది వెనక బెంచీ. కరస్పాండెంటుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఇంకా పొద్దుగూకలేదు కదమ్మా. పామనొచ్చు" అన్నారు.

అప్పుడు పిల్లలు కూడా నవ్వారు. మిగతా పాఠం ఎలా చెప్పానో నాకు తెలియదు. చెమటకి చాక్‌పీసు చేతిలోనే ముద్దయింది. చివర్లో ఆయన, "కబురు చేస్తాంలేమ్మా" అన్నారు. కబురు చేస్తామంటే ఏంటో నాకు తెలుసు. పెళ్ళిచూపుల్లో వద్దనుకున్న పిల్ల ఇంటివాళ్ళకి కూడా అదే చెబుతారు.

బస్సులో నిలబడి వస్తున్నంతసేపూ మండిపోయాను. కండక్టరు మీద, చిల్లర మీద, పచ్చపురుగు మీద, అందరికంటే ఎక్కువ అత్తయ్య మీద. నాలుగేళ్ళు చదివిన చదువు, ఒక్క మాట దగ్గర మట్టిలో కలిసింది. ఎవరి వల్ల? ఇంటికి వెళ్ళగానే ఏమేం అనాలో వరసగా కూర్చుకున్నాను. ఇల్లు చేరేసరికి పొద్దుగూకింది. లోపల దేవుడి దగ్గర దీపం వెలుగుతోంది, ముందు గదిలో బల్బు వేసి ఉంది. చెప్పులు ఒకటి అటు, ఒకటి ఇటు విసిరి, బ్యాగు పడేసి, పత్తి గుట్ట మీద చతికిలబడి వెనక్కి వాలాను. నూనె అంటితే అంటనీ, ఇవాళ ఎవరేమంటారో చూస్తాననుకున్నాను.

వంటింటి గుమ్మంలోకి అత్తయ్య వచ్చారు. "ఏమైందమ్మాయ్, ఉద్యోగం..." అంటూ వచ్చిన మనిషి అక్కడే ఆగిపోయారు.

"అమ్మాయ్. పురుగు."

ఆ రోజు, ఆ మాట! నాకు కోపం నెత్తికెక్కింది.

"మళ్ళీ అదే మాటా! ఇవాళ నా పరువు తీసింది అదేనండీ!"

"పత్తిలో... పత్తిలో పురుగు తల్లీ!"

"పత్తిలో పురుగు లేకపోతే పులి ఉంటుందా! ఊళ్ళో అందరి పత్తిలోనూ ఉంది. మందు కొట్టించండి!"

క్రియ చెప్పలేదావిడ. పడింది అనలేదు, కనపడింది అనలేదు. ఆవిడే నేర్పిన వ్యాకరణం ఆవిడకే అందలేదు. నేను ఇంకా గట్టిగా వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాను. ఆవిడ పెదాలు వణుకుతున్నాయి. కోపమనుకున్నాను. ఒక్కసారిగా ఆ చెరువుగట్టు దాకా వినిపించే గొంతు బద్దలైంది.

"పాము! పామే! నీ భుజం పక్కన పామే తల్లీ, లెయ్! పాము!"

ఎన్నిసార్లు అన్నారో తెలియదు. అంటూనే ఉరికొచ్చి, నా చేయి పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. ఇద్దరం కలిసి వసారాలో టీవీ పక్కన పడ్డాం. నా మోచెయ్యి చెక్కుకుపోయింది, ఆవిడ గాజులు పగిలాయి. ఆవిడ నా తలా, మెడా, చేతులూ తడిమి తడిమి చూస్తూ, "ముట్టలేదుగా? ముట్టలేదుగా?" అంటూనే ఉన్నారు. ఆ క్షణాన నా కోపమంతా ఎటు పోయిందో. బస్సులో కూర్చుకున్న మాటల్లో ఒక్కటి కూడా గుర్తు రాలేదు.

మావయ్యగారు కర్ర తీసుకుని పరిగెత్తుకొచ్చారు. కిటికీలోంచి చూశాను. పత్తిలోంచి మూరెడు బయటికొచ్చి, ఈ గోలేమిటన్నట్టు చూస్తోంది. గోధుమ రంగు ఒళ్ళు, సన్నటి తల, పెద్ద గుండ్రటి కళ్ళు, పెదాల మీద నల్ల గీతలు. డెమోలో చెప్పలేకపోయిన పాఠమంతా అప్పుడు గడగడా వచ్చింది.

"కొట్టకండి మావయ్యగారూ! విషం లేదు. ఎలకల కోసం వచ్చింది. జెర్రి..." టక్కున ఆగి అత్తయ్య వైపు తిరిగాను. "జెర్రిపోతు అనొచ్చాండీ?"

"ఇంక ఏమన్నా ఒకటేలే" అన్నారు ఆవిడ నీరసంగా.

మావయ్యగారు దొడ్డితలుపు తీసి దూరంగా నిలబడి కర్రతో నేల కొట్టారు. అది తన దారిన తను మిరపచేల వైపు వెళ్ళిపోయింది. అత్తయ్య లేచి, దేవుడి దగ్గరకెళ్ళి లెంపలేసుకుని, దీపంలో ఇంకాస్త నూనె పోసి వచ్చారు. ముగ్గురం వసారాలో కూర్చున్నాం.

ముందు మాట్లాడింది మావయ్యగారు. అదే పెద్ద వింత.

"దీపం పెట్టాక పేరు వినపడింది. నేను సాచ్చికం. మరి ఉద్యోగం సంగతి?" నవ్వడం ఆయనకి అలవాటు లేదు కాబట్టి వేళాకోళమో నిజమో తెలియలేదు. వచ్చేదో రానిదో గాని, ఆ ఉద్యోగం నాకింకా కావాలి.

అత్తయ్య ఆయన్ని ఎగాదిగా చూశారు. "అన్నది నేను. పిల్ల అన్లా. అది పోద్ది ఉద్యోగానికి." పగిలిన గాజుముక్క చేతిలోంచి తీసుకుంటూ, ఈసారి చిన్న గొంతుతో అన్నారు. "పేరెత్తారనే మా తమ్ముడు పోయాడనుకున్నా ఇన్నాళ్ళూ. ఇయ్యాల ఎత్తకపోతే ఇది పోయేది."

జెర్రిపోతు కరిచినా నాకేమీ కాదని జువాలజీ చదివిన నాకు తెలుసు. కానీ ఆవిడకి తెలియదు. ఆవిడ కంటికి అది చావే. ఆ చావుని పేరు పెట్టి పిలిచి మరీ, దానికీ నాకూ మధ్యలోకి వచ్చారు. నేను ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చేశాను. "తలనూనె, తలనూనె" అని ఆవిడ మురిపెంగా కసిరారు గాని, నెట్టేయలేదు.

రెండు రోజుల తర్వాత పక్కింటి ఫోనుకి కరస్పాండెంటుగారు కబురు చేశారు. పిల్లలంతా పురుగుల మేడం ఎప్పుడొస్తారని అడుగుతున్నారట, గురువారం నుంచి రమ్మన్నారు.

గురువారం పొద్దున నాకు క్యారేజీ కట్టి ఇస్తుంటే పక్కింటావిడ గోడ మీంచి అడిగింది. "ఏమక్కా, మీ కోడలికి బోర్డు మీద పాము అని రాయడం కూడా రాదంటగా?"

అత్తయ్య గొంతు చెరువుగట్టు దాకా వినపడింది. "పగలు పామనుద్ది, పొద్దుగూకితే పురుగనుద్ది. రెండూ వచ్చిన పంతులమ్మ వాళ్ళకి ఇంకెక్కడ దొరుకుద్ది?"